పాడే పిల్లకు దొరికిన గడువు



1920 జనవరి 29న నిడదవోలులో పుట్టి, దాదాపు శతాబ్ద కాలం పాటతోనే బతికి, 2018 ఏప్రిల్ 22న ఈ విజయవాడలోనే కన్నుమూసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారి స్మృతికి ఈ సాయంకాలాన్ని కేటాయించారు. మాట్లాడమని నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పరిశోధకుడిగా, 'శతపత్ర సుందరి' పాటల సంపుటి కర్తగా, రేడియోలో భక్తిరంజని కార్యక్రమానికి రూపుదిద్దిన ప్రసారకర్తగా ఆయన్ని తెలిసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. వారికి నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. అందుకే ఆయన పాటలు ఎవరి గొంతుల మీదుగా ప్రజల్లోకి వెళ్లాయో ఆ గొంతుల సంగతి ఎత్తుకుంటున్నాను. 1941లో రజని మద్రాసు రేడియోలో చేరేనాటికి తెలుగునాట పేరు మోగుతున్న గాయనీమణుల్లో చాలామందికి ఇరవై ఏళ్లు నిండలేదు. అందరికంటే చిన్నామెకు పదమూడేళ్లు.

ఈ విషయాన్ని మన సంగీత చరిత్రకారులు వింతగానో ముచ్చటగానో చెప్పి దాటేస్తుంటారు. బాలమేధావి, పుట్టుకతో వచ్చిన విద్య, పూర్వజన్మ సుకృతం అంటూ ఒక దండం పెట్టి ముందుకు పోతాం. అంతటితో ఆగిపోవడం తప్పని నా అభిప్రాయం. పసితనం దాటి పెద్దరికం రాని వయసులో ఒక పిల్ల నలుగురి ముందు పాడాలంటే, ఆ పాట జనానికి చేరాలంటే, ఆమె పాడటానికి సమాజం కొంత గడువు ఇవ్వాలి. ఆ గడువు ఎప్పుడు దొరికింది, ఎంత దొరికింది, ఎందుకు తెగింది, దొరికినంత కాలం ఆ పిల్ల చేతిలో ఎవరు ఏ పాట పెట్టారు? కౌమార గాయకుల చరిత్ర అంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుందని నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

కృష్ణా తీరానికి ఈ సంగతి కొత్తది కాదు. సిద్ధేంద్రయోగి కూచిపూడి బ్రాహ్మణ బాలుర చేత జీవితంలో ఒక్కసారైనా భామవేషం కడతామని మాట తీసుకున్నాడని ఐతిహ్యం. ఆ ఐతిహ్యంలో చారిత్రక సత్యం ఎంతున్నా, అది బతికించిన ఆచారం మాత్రం మన కళ్లెదుట ఉంది. మీసం రాని కుర్రవాడు జడ వేసుకుని సత్యభామ దరువులు పాడితే ఊరంతా కూర్చుని విన్నది. పాడటం, ఆడటం వాడికి కులవిద్య, వ్రతం. మరోవైపు మువ్వ గోపాలుడి మీద క్షేత్రయ్య అల్లిన పదాలను తరతరాలుగా కాపాడింది కలావంతుల ఇళ్లలోని ఆడపిల్లలు. వాళ్లకూ చిన్ననాటి నుంచే శిక్షణ, చిన్ననాటి నుంచే సభ. అంటే మగపిల్లవాడికి వేషం చాటు ఉంది, కలావంతుల పిల్లకు వృత్తి అండ ఉంది. గృహస్థుల ఆడపిల్లకు మాత్రం ఇంటి గడప లోపలి మంగళహారతి వరకే పాట. ఎనిమిదో ఏట, తొమ్మిదో ఏట పెళ్లి చేసి పంపే ఇళ్లలో ఆ పిల్లకు పాడే వయసంటూ విడిగా ఎక్కడిది?

ఇరవయ్యో శతాబ్దపు మొదటి మూడు దశాబ్దాల్లో ఈ వ్యవస్థ రెండు వైపుల నుంచీ కదిలింది. వీరేశలింగం గారి కాలం నుంచి సాగిన సంస్కరణోద్యమం కలావంతుల కచేరీలను పెళ్లిపందిళ్ల నుంచి, పెద్దల ఇళ్ల నుంచి తప్పించింది. దానిలోని న్యాయాన్యాయాలు వేరే ఉపన్యాసానికి తగిన విషయం. ఇక్కడ మనకు కావలసింది దాని ఫలితం: ఆడగొంతు పాటకు గిరాకీ తగ్గలేదు గానీ పాడేవాళ్ల చోటు ఖాళీ అయింది. కొంతకాలం ఆ చోటును మగవాళ్లే నింపారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతో నాటకరంగాన్ని ఏలారు. మైలవరం వంటి సమాజాల పద్యనాటకాలు ఈ డెల్టా ఊళ్లన్నీ తిరిగాయి. కానీ గ్రామఫోను, టాకీ వచ్చాక వేషంతో పని జరగలేదు. మైకుకు ఆడగొంతే కావాలి.

సరిగ్గా ఆ సమయానికి ఇంకో వైపు తలుపు తెరుచుకుంది. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు పద్నాలుగు అన్నది. చట్టాన్ని తప్పించుకున్నవాళ్లు లెక్కలేనంతమంది, నిజమే. అయినా చదువుకున్న కుటుంబాల్లో బాల్యానికీ పెళ్లికీ మధ్య అంతకుముందు లేని నాలుగైదేళ్ల ఖాళీ ఏర్పడింది. తెలుగు సంగీత చరిత్ర రాసేవాళ్లు ఈ చట్టాన్ని ఎక్కడా ప్రస్తావించరు. నా దృష్టిలో తొలి తరం లలితగీతానికి రాగతాళాలు ఎంత అవసరమయ్యాయో ఈ చట్టమూ అంత అవసరమైంది.

ఆ తరం పుట్టిన సంవత్సరాలు చూడండి. భానుమతి, టంగుటూరి సూర్యకుమారి, ఇద్దరూ 1925. రావు బాలసరస్వతీదేవి 1928. ఎల్లలు దాటి చూస్తే నూర్జహాన్ 1926, సురయా, లతా మంగేష్కర్ 1929. వీళ్లకంటే ముందే మధురైకి చెందిన పదేళ్ల సుబ్బులక్ష్మి 1926లో రికార్డు ఇచ్చారు. అటు అమెరికాలో 1922లో పుట్టిన జూడీ గార్లండ్ పదహారు పదిహేడేళ్ల వయసులో తీసిన చిత్రంతో 1939లో ప్రపంచమంతా తెలిసిపోయింది. దేశాలు వేరు, మతాలు వేరు, సంగీతాలు వేరు. యంత్రం ఒక్కటే. పేరున్న విద్వాంసులు గంటసేపు విస్తరించే రాగాన్ని మూడు నిమిషాల పైచిలుకు ప్లేటులో ఇరికించడానికి సంకోచించారు. పిల్లలకు ఆ సంకోచం లేదు. నాలుగు గంటల కచేరీ అలవాటైన గొంతుకు మూడు నిమిషాలు ఇరుకు. అంతకుమించి ఎరగని గొంతుకు అదే పూర్తి పాట.

బాలసరస్వతీదేవి గారి జీవితం దగ్గర కాస్త ఆగాలి. ఆరేళ్ల వయసుకే ఆమె గొంతు గ్రామఫోను రికార్డుకు ఎక్కింది. 1936లో సి. పుల్లయ్య గారు పిల్లల చేతనే తీసిన 'సతీ అనసూయ'లో కనిపించారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'ఇల్లాలు'లో నటించారు. ఆ చిత్రానికి సంగీతం కూర్చిన సాలూరు రాజేశ్వరరావుకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆయనా బాలనటుడే, 1935లో 'శ్రీకృష్ణలీలలు'లో కృష్ణుడు. ఈ ఇద్దరూ కలిసి పాడిన ప్రైవేటు రికార్డులు ఆ రోజుల్లో తెలుగు ఇళ్లలో ఎంతగా మోగాయో మా పెద్దల తరం కథలు కథలుగా చెప్పేది. ఈనాడు మనం పాప్ అంటున్నదాని లక్షణాలన్నీ వాటిలో ఉన్నాయి. సినిమాతో సంబంధం లేని పాట, చిన్న పాట, పడుచు గొంతు, డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చుకుని పదేపదే వేసుకోగలిగిన పాట.

1943లో 'భాగ్యలక్ష్మి' వచ్చింది. అందులో కమలా కోట్నీస్ పెదవులు కదిపితే వినిపించింది బాలసరస్వతి గొంతు. తెలుగులో తొలి నేపథ్యగానంగా దాన్ని లెక్కిస్తారు. ఆమెకు అప్పటికి పదిహేనేళ్లు నిండాయో లేదో. తెలుగు నేపథ్యగానమనే మహావృక్షం ఒక బడివయసు పిల్లతో మొదలైందన్నమాట. మరుసటి ఏడాదే, 1944లో, కోలంక రాజావారితో ఆమె పెళ్లి జరిగింది. నటన ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు. 1953 నాటి 'దేవదాసు'లోనూ ఆమె గొంతు ఉంది. ఇక్కడే ఒక సూక్ష్మం గమనించాలి. పెళ్లి ఆమె రూపాన్ని తెర మీద నుంచి తప్పించగలిగింది, గొంతును తప్పించలేకపోయింది. ఎందుకంటే అంతకు ఏడాది ముందే నేపథ్యగానం రూపాన్నీ గొంతునూ విడదీసింది. మైకు చాటున నిలబడి పాడే ఇల్లాలికి ఆనాటి సమాజం అభ్యంతరం చెప్పడం కష్టమైంది. ఆమె గడువు ఆ మేరకు పెరిగింది.

భానుమతి గారి కథా ఇదే మలుపు దగ్గర నడిచింది. 1939లో 'వరవిక్రయం'తో పద్నాలుగేళ్లయినా నిండకుండా తెర మీదికొచ్చి తన పాటలు తానే పాడుకున్నారు. 1943లో పెళ్లయ్యాక సినిమాలు మానేద్దామనే అనుకున్నారు. బి.ఎన్. రెడ్డి గారు వెనక్కి పిలిచి 'స్వర్గసీమ' చేయించారు. 1945లో విడుదలైన ఆ చిత్రంలో ఆమె పాడిన పావురం పాట దేశాన్ని ఊపింది. ఆ పాట రాసింది రజని. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. చిన్నపిల్లగా పాడటం మొదలుపెట్టిన గొంతుకు పడుచుదనం వచ్చింది, ఆ పడుచుదనానికి తగిన కొత్త బాణీ కావాలి. పాత నాటకాల బాణీ దానికి చాలదు, కీర్తన కూడా సరిపడదు. ఆ గొంతు ఎదుగుదలను విని, దానికి కొలత తీసి పాట కట్టినవాడు రజని. ఆయన వాగ్గేయకారత్వంలో ఈ గుణాన్ని మనం తగినంత గుర్తించలేదు.

ఇక సూర్యకుమారి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి సోదరుడి కుమార్తె. పన్నెండేళ్ల ప్రాయంలో 'విప్రనారాయణ' చిత్రంతో ప్రవేశించారు. 1939లో రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ'లో పాడుతూ నటించారు. ఆ చిత్రానికి పెట్టుబడి మన చల్లపల్లి రాజావారిది, దర్శకుడు కృష్ణా జిల్లావాడు, అందులో నాట్యం కూచిపూడి వేదాంతం రాఘవయ్య గారిది. జమీందారీ వ్యవస్థ లోపాలను ఎత్తిచూపిన ఆ చిత్రాన్ని ఆపాలని జమీందారులు పట్టుబట్టారు, కొన్నిచోట్ల నిషేధమూ పడింది. అంటే పద్నాలుగేళ్లు నిండని పిల్ల పాట ఆనాడు కాలక్షేపంగా మిగల్లేదు, రాజకీయమైంది. శంకరంబాడి సుందరాచారి గారి తెలుగుతల్లి గీతాన్ని తెలుగువారికి కంఠస్థం చేసింది ఆమె గొంతే. 1947 ఆగస్టు 15న రజని రాసి స్వరపరచిన స్వాతంత్ర్య గీతాన్ని మద్రాసు రేడియోలో పాడినదీ ఆమే. ఇరవై ఒక్కేళ్ల వయసులో ఒక గాయని స్వతంత్ర దేశానికి తొలి గొంతుల్లో ఒకరైంది. తరవాత ఆమె లండన్ చేరి, అక్కడే భారతీయ కళలు నేర్పుతూ 2005లో కన్నుమూశారు. ముగ్గురిలో గడువును తానే రాసుకున్న స్త్రీ ఆమె అనిపిస్తుంది నాకు.

మగపిల్లవాడి సమస్య వేరు. అతని గడువును పెళ్లి తెంచదు, అతని గొంతే తెంచుతుంది. పదమూడు పద్నాలుగేళ్లకు గొంతు మారుతుంది. నిన్నటిదాకా తారస్థాయిలో గంటలా మోగిన గొంతు ఈవేళ పంచమం దగ్గరే బీటలు వారుతుంది. ఎందరో బాలగాయకులు అక్కడే మాయమయ్యారు. ఈ సందర్భంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిని తలచుకోకుండా బెజవాడలో ఏ మాటా పూర్తి కాదు. శంకరగుప్తంలో 1930 జూలై 6న పుట్టి, పసికందుగానే తల్లిని పోగొట్టుకుని, తండ్రి పట్టాభిరామయ్య గారి పెంపకంలో ఈ ఊరు చేరి, త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి శిష్యుడయ్యారు. ఎనిమిదేళ్లకు త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పూర్తి కచేరీ చేశారు. ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ 'బాల' అని దీవించారు. గొంతు మారే ఆ కష్టకాలంలో ఆయన ఏంచేశారో చూస్తే విషయం తెలుస్తుంది. వయొలిన్ పట్టి పెద్ద విద్వాంసులకు పక్కవాద్యం వాయించారు. మృదంగం, కంజీరా నేర్చారు. డెబ్బై రెండు మేళకర్తల్లోనూ కృతులు కట్టడానికి పూనుకున్నారు. పాడటం కష్టమైన వేళ కూడా సంగీతంలోనే ఉండటానికి ఆయనకు నాలుగు దారులున్నాయి. ఆ దారులు తెరిచి పెట్టింది గురుకులం. యంత్రం ఆ పని చేయదు, చేయలేదు.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలవడం ఈ డెల్టా సంగీత జీవితంలో పెద్ద ఘట్టం. యంత్రమూ గురుకులమూ ఒకే కప్పు కిందికి వచ్చిన అరుదైన చోటు అది. నిలయ విద్వాంసులకు నెల జీతం ఉండేది. వోలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు, అన్నవరపు రామస్వామి గారు ఒకే భవనంలో తిరిగేవారు. గోపాలరత్నం గారు చిన్న వయసులోనే ఇక్కడికి వచ్చి శాస్త్రీయమూ లలితమూ ఎంకిపాటా అన్నీ ఒకే గొంతులో పలికించి, తరవాత హైదరాబాదు సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు, 1992లో పద్మశ్రీ అందుకున్నారు. పడుచు గొంతును ఒక్క పాటకు వాడుకుని వదిలేయకుండా ఏళ్ల తరబడి ఉంచుకుని ఎదగనిచ్చిన ఏర్పాటు అది.

ఆ ఏర్పాటు మా ఊరి దాకా ఎలా చేరిందో చెబుతాను. పంచాయతీ ఆఫీసు చూరుకు రేడియో స్పీకరు వేలాడేది. పాట నేర్పే కార్యక్రమం వస్తే ఆడపిల్లలు నోటుపుస్తకాలు పట్టుకుని అరుగు మీద చేరేవారు. గురువు గారు ఒక పాదం పాడతారు. తంబురా ఒక్కటే మోగుతూ ఉంటుంది. ఆ ఖాళీలో మేం పాడాలి. మళ్లీ అదే పాదం. మూడోసారికి సంగతి ఒకటి కలిపేవారు. ఎదురుగా ఎవరున్నారో తెలియని గురువు, ఎక్కడున్నారో తెలియని శిష్యులు. అయినా ఆ ఖాళీ మాత్రం మా కోసమే వదిలిపెట్టారని ప్రతి పిల్లకూ తెలుసు. 'ఈ మాసపు పాట' పేరుతో నెలకో కొత్త గీతం వచ్చేది. కవి ఒకరు, స్వరకర్త ఒకరు, పాడేవారు ఒకరు, ముగ్గురూ అప్పటికి బతికున్నవాళ్లే. పాట కొత్తగా పుడుతోందన్న స్పృహ మా వయసు పిల్లలకు అలా కలిగింది.

పశ్చిమ డెల్టాలో రేపల్లె దాపున పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్. జానకి గారు రేడియో పోటీలో బహుమతి తెచ్చుకుని, పంతొమ్మిదో ఏట, 1957లో సినిమాల్లో పాడటం మొదలుపెట్టారు. తొలి ఏడాదిలోనే పలు భాషల్లో పాడారు. ఆ పాట అరవై ఏళ్లు సాగింది. బాలసరస్వతి గారి నాటికి సందేహంగా ఉన్న విషయం జానకి గారి నాటికి స్థిరపడింది. తెర వెనక గొంతుకు పెళ్లి, మాతృత్వం, వయసు ఏవీ అడ్డు కావు. పంతొమ్మిదేళ్ల గొంతు అరవై ఏళ్లు వచ్చాక కూడా పదేళ్ల పిల్లలా పాడగలిగింది.

1995 నుంచి మరో తరం. విజయవాడలో సంగీతం నేర్చుకున్న సునీత గారు పదిహేడేళ్ల వయసులో 'గులాబి' చిత్రంలో పాడిన పాటతో రాష్ట్రమంతా తెలిశారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఈటీవీ మొదలైంది. మరుసటి ఏడాది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి 'పాడుతా తీయగా' వచ్చింది. ఆ వేదిక మీద కనిపించిన మన విజయవాడ అమ్మాయి స్మిత ఇరవై ఏళ్ల ప్రాయంలో 'హాయ్ రబ్బా' ఆల్బంతో తెలుగులో పాప్ గాయనిగా నిలబడ్డారు. మళ్లీ గొంతూ రూపమూ ఒక్కటయ్యాయి. మళ్లీ సినిమాతో పనిలేని పాట. బాలసరస్వతి, రాజేశ్వరరావుల ప్రైవేటు రికార్డుకూ ఈ ఆల్బంకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని మన విమర్శకులు ఒప్పుకోలేదు. ఆ పాటలో పాశ్చాత్య వాసన వచ్చిందని చిన్నచూపు చూశారు. పావురం పాటలోనూ పడమటి గాలి ఉందని వారు మరిచిపోయారు. బాలు గారి గురించి ఒక్క మాట. ఆయన ఆ వేదిక మీద ప్రతి పిల్లకూ రాసిన కవి పేరు, కట్టిన స్వరకర్త పేరు చెప్పించేవారు. ఒత్తు తప్పితే ఆపి సరిదిద్దేవారు. పోటీని ఆయన తరగతిగా మార్చారు. అది ఆయన వ్యక్తి గుణం, ఆ యంత్రం గుణం కాదు. పోటీలు తరవాత చాలా వచ్చాయి, తరగతులు అన్ని రాలేదు.

ఈనాటి పిల్లకు గడువు ఎంత? సమాజం వైపు నుంచి చూస్తే మునుపెన్నడూ లేనంత. పెళ్లి తొందర తగ్గింది, పాడితే తలవంపులన్న మాట పోయింది. బాలసరస్వతి గారి తరం కలలోనైనా ఊహించని స్వేచ్ఛ ఇది. యంత్రం వైపు నుంచి చూస్తే మాత్రం గడువు కుంచించుకుపోయింది. ఒక పోటీ కాలం, ఒక వీడియో కాలం. వచ్చే వారానికి ఇంకో గొంతు.

ఆ మధ్య ఒక పోటీలో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. పద్నాలుగేళ్ల అమ్మాయి వచ్చింది. మంచి శారీరం, మంచి లయ. ఫోనులో తెచ్చుకున్న ట్రాకు పెట్టారు. ముప్పై ఏళ్ల గాయని కోసం, ఆమె శ్రుతికి, ఒక ప్రౌఢ నాయిక విరహానికి కట్టిన పాట అది. చరణంలో పై స్థాయికి వెళ్లేసరికి ఆ పిల్ల మెడనరాలు తేలాయి. ట్రాకు శ్రుతి తగ్గించవచ్చని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాట అర్థమేమిటని అడిగితే తలదించుకుంది. ఆ అమ్మాయిలో ఏ లోపమూ లేదు. ఆమె వయసుకు, ఆమె గొంతుకు, ఆమె మనసుకు తగిన పాట ఈ ముప్పై ఏళ్లలో మనం రాయలేదు. రజని వంటి మనిషి మైకుకూ ఆ పిల్లకూ మధ్య లేడు. 1945లో భానుమతి గారికి ఇరవై ఏళ్ల స్త్రీ పాడదగిన పాట దొరికింది. 1947లో సూర్యకుమారి గారికి ఆ వయసు ఆశకు సరితూగే పాట దొరికింది. 2020ల నాటి పద్నాలుగేళ్ల పిల్లకు దొరుకుతున్నది పెద్దల పాట, పెద్దల శ్రుతి.

అందువల్ల ఈ సభకు, ముఖ్యంగా ఇక్కడున్న సంగీత కళాశాల అధ్యాపకులకు, ఆకాశవాణి అధికారులకు ఒక విన్నపం చేస్తాను. 'శతపత్ర సుందరి'లోని పాటల్లో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు పాడదగినవి ఏరి, స్వరలిపి రాసి, ఆడపిల్లలకు ఒక శ్రుతి, గొంతు మారుతున్న మగపిల్లలకు మరో శ్రుతి సూచించి అచ్చు వేయండి. రజని దగ్గర నేరుగా నేర్చుకున్నవారు ఉండగానే వారి చేత పాడించి భద్రపరచండి. కొత్త కవుల చేత ఆ వయసు పిల్లల కోసం నెలకొక్క పాటైనా రాయించండి. పాడటానికి పదహారేళ్ల గొంతును పిలవండి, పాడాక పారితోషికం ఇవ్వండి, ఆరు నెలల తరవాత అదే గొంతును మళ్లీ పిలవండి.